ఎదురు కుర్చీ

జనవరి 19

బొంగరానికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు పేజీల ఉత్తరంలో మీరంతా కులాసా అని ఒక ముక్క, మేం ఎలా ఉన్నామని ఇంకో ముక్క, మిగతాదంతా మేం ఖాళీ చేసిన కింది వాటాలో దిగిన టైలరమ్మ గురించే. నేనేం పని కట్టుకుని చూడలేదు, కంటికి ఆనింది అంతే.

ఆవిడ కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదట. మంచిదే. ఆవిడ నవ్వితే వీధి చివరికి వినిపిస్తుందట. వినిపించనీ. ఈసారి వార్డు మెంబరుగా నిలబడిందట. నిలబడనీ, ఎవరొద్దన్నారు? కానీ మధ్యాహ్నం పూట మీ వరండాలో, కేరమ్ బోర్డు దగ్గర, నీ ఎదురు కుర్చీలో కూర్చుంటోందని రాశావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. మళ్ళీ తీసి చదివినా అదే ఉంది.

ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టింది నేను. ఆ కుర్చీలో కూర్చునే కదా రిటైరయిన పోస్టుమాస్టరు గారినీ ఆయన భార్యనీ ఇన్నేళ్ళు ఓడించాను! మీ బావకి బ్యాంకువాళ్ళు ట్రాన్స్‌ఫర్ కాగితం చేతిలో పెట్టిన రోజు, "నువ్వు లేకపోతే నేను స్ట్రైకర్ ముట్టుకోనే అక్కా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నేను అప్పుడే నమ్మలేదనుకో. అయినా అన్నది నువ్వే.

ఇక్కడి సంగతులు ఏమున్నాయి రాయడానికి. లాయరు గారి ఆఫీసులో టైపు కొట్టిన వేళ్ళు ఇప్పుడు కిటికీ చువ్వలు తుడుస్తున్నాయి. ఇంట్లో టైపు మిషను మీద గుడ్డ కప్పి ఉంచాను. కిటికీలోంచి సైకిల్ స్టాండు గోడ కనిపిస్తుంది. అదీ ఇక్కడి వినోదం. నేను దిగులుగా ఉన్నానని మీ బావ ఒక కొత్త కేరమ్ బోర్డు కొని తెచ్చి, తాడుతో కట్టిన కట్టు కూడా విప్పకుండా గోడకి ఆనించి పెట్టారు. ఆయనకి కాయకీ స్ట్రైకర్‌కీ తేడా తెలీదు పాపం.

ఎన్నికల గోల ఇక్కడా ఉంది. మైకు పెట్టుకుని జీపు రోజుకి రెండుసార్లు వస్తుంది. మొన్న నలుగురు గుమ్మంలోకి వచ్చి దణ్ణాలు పెట్టి కరపత్రం ఇచ్చారు. మా ఓట్లింకా అక్కడే ఉన్నాయని చెప్పగానే ఇచ్చిన కరపత్రం వెనక్కి పుచ్చుకుని పోయారు. 

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఎడమ చెవి సంగతి ఆవిడకి చెప్పావా? నేను ఎడమ చెవి తడుముకుంటే రెడ్ కాయ నాకు వదిలెయ్యమని అర్థం. పోస్టుమాస్టరు గారు ఇన్నేళ్ళలో కనిపెట్టలేదు. మీ బావకి కూడా చెప్పలేదు నేను.

అక్క


జనవరి 27

అక్కకి,

నమస్కారాలు. బావగారికి కూడా. ఉత్తరం ఆలస్యమైందని దెప్పకు. పాల డిపోలో నా ఒక్కదానిమీదే పడింది పని. తెల్లారకుండా ప్యాకెట్లు దించుకోవడం, కారిన ప్యాకెట్లు ఏరడం, డబ్బాలు కడిగించడం, పన్నెండింటికి తాళం పెట్టి వచ్చేసరికి నడుం విరిగిపోతుంది. ఆ తర్వాత కాస్త ఆట లేకపోతే నేను మనిషిని కానని నీకు తెలీదా?

నువ్వు వెళ్ళాక నెల్లాళ్ళు బోర్డు బయటికి తియ్యలేదు. ఒట్టు. పోస్టుమాస్టరు గారు రోజూ మెట్ల దగ్గర నిలబడి, "ఏమ్మా, జట్టు దొరికిందా?" అని అడిగి, దొరకలేదని వింటే ఆనందంగా వెళ్ళిపోయేవారు. అది చూడలేక టైలరమ్మని కూర్చోబెట్టాను. మొదట్లో స్ట్రైకర్ పట్టుకోవడం కూడా రాదు. సూది పట్టినట్టు పట్టేది. ఇప్పుడు బోర్డు గోడకి కొట్టి, వెనక్కి తిప్పి కాయ వేస్తుంది. చేతి పని చేసేవాళ్ళ వేళ్ళకి ఆ ఒడుపు ఊరికే వస్తుంది కాబోలు.

ఎడమ చెవి సంగతి చెప్పాను. చెప్పక ఏం చెయ్యను? జట్టు అన్నాక సైగ ఉండాలి కదా. దానికి అంత రాద్ధాంతమా? నువ్వు ఊళ్ళో లేవు, పైగా ఆ సైగ నీ ఒక్కదాని ఆస్తీ కాదు.

ఆవిడ ఎందుకు నిలబడిందో చెప్తాను విను. కాంట్రాక్టరు కట్టించిన మురుగుకాలువ సంగతి నీకు తెలుసు. నీళ్ళు బయటికి పోవాల్సింది పోయి ఇళ్ళలోకి వస్తాయి. మొన్నామధ్య వానకి ఆవిడ వాటాలోకి వచ్చేసి, ఎవరెవరో కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. అడగడానికి వెళ్తే ఆయన, "కాలువ సరిగానే ఉంది, మీ ఇల్లే పల్లంలో ఉంది" అన్నాడట. ఆ కాంట్రాక్టరే ఇప్పుడు మెంబరుగిరీకి నిలబడ్డాడు. ఆవిడకి ఒళ్ళు మండి, ఆ రోజే వెళ్ళి నామినేషన్ వేసి వచ్చింది. నేను ఆవిడ వెంట ఇల్లిల్లూ తిరుగుతున్నాను. చెప్పులు అరిగిపోయాయి. గెలుస్తుందా, గెలవదా అని నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఎందుకో సరిగ్గా చెప్పలేను.

కొత్త బోర్డు కట్టు విప్పు. అక్కడ మాత్రం ఆడేవాళ్ళు ఉండరా?

బొంగరం


ఫిబ్రవరి 4

బొంగరానికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే కట్టు విప్పాను. అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఆడేవాళ్ళు ఉన్నారు. పక్కింట్లో ఒక లెక్చరరమ్మ ఉంది. కెమిస్ట్రీ చెబుతుంది. ఆవిడ చెయ్యి చూడాలి నువ్వు! ఒక్క దెబ్బకి రెండు కాయలు, అదీ వేరువేరు పాకెట్లలోకి. మాట నెమ్మది, నవ్వు పక్కవాళ్ళకి కూడా వినపడదు. రోజూ మధ్యాహ్నం వస్తుంది. ఇంత మంచి జట్టు నాకు ఎప్పుడూ దొరకలేదంటే నువ్వేమనుకుంటావో గానీ, నిజం నిజమే కదా.

నాకు టైలరమ్మ మీద ఏ కోపమూ లేదు. నిజం చెప్పాలంటే ఆవిడ గెలవాలని నేనే కోరుకుంటున్నాను. బాగా గెలవాలి. మెంబరయితే ఊరికే ఉండనివ్వరట. పొద్దున మునిసిపాలిటీలో మీటింగు, మధ్యాహ్నం కుళాయిల తనిఖీ, సాయంత్రం అర్జీలు పుచ్చుకోవడం. మా లాయరు గారి తమ్ముడు ఒకసారి మెంబరయ్యాక సొంత ఇంట్లో కూర్చుని అన్నం తిన్న మధ్యాహ్నం లేదు. పాపం, టైలరమ్మకి ఇక కుర్చీలో కూర్చునే తీరిక ఎక్కడుంటుంది? ప్రజాసేవ అంటే అలాగే ఉంటుంది మరి. మనం త్యాగం చెయ్యాలి.

అందుకని నేను చేతులు ముడుచుకు కూర్చోలేదు. టైపు మిషను మీద గుడ్డ తీసి, కార్బన్లు పెట్టి, ఒక్క ఊపున మన వీధిలో నాకు బాగా తెలిసినవాళ్ళందరికీ ఉత్తరం కొట్టాను. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మన వీధి బాగు కోరి కత్తెర గుర్తుకే మీ ఓటు వేయవలసినదిగా కోరుతున్నాను" అని. పోస్టుమాస్టరు గారికి, కంపౌండరు గారికి, పిండిమర ఆవిడకి, ఇస్త్రీ తాతకి పంపాను. చివరి కాపీ కాస్త మసగ్గా పడింది. అది తాతకి వెళ్ళింది, ఆయన ఎలాగూ ఎవరిచేతనో చదివించుకుంటాడు. నా సంతకం చూస్తే ఆ వీధిలో ఎవరూ కాదనరు. 

చూశావా, నన్ను ఓర్వలేనిదాన్ని అనుకున్నావు.

అక్క


ఫిబ్రవరి 12

అక్కా,

నమస్కారాలూ కుశలప్రశ్నలూ తర్వాత. ముందు ఇది చెప్పు. కత్తెర అని నీకు ఎవరు చెప్పారు?

టైలరయితే కత్తెర గుర్తే ఇస్తారనుకున్నావా? గుర్తులు చీటీలు తీసి ఇస్తారు తల్లీ. ఆవిడకి వచ్చింది నిచ్చెన. కత్తెర కాంట్రాక్టరుకి వచ్చింది! ఆ పెద్దమనిషి జన్మలో కత్తెర పట్టుకున్నది రిబ్బను కత్తిరించడానికే. అసలే జనం కత్తెర చూసి టైలరమ్మ అనుకుంటున్నారని మేం నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, సరిగ్గా ఆ వేళకి నీ టైపు కాగితాలు దిగాయి.

ఇస్త్రీ తాత నీ కాగితాన్ని బండి మీద మేకు కొట్టి తగిలించాడు. "ఇందుమూలముగా అని ఉందమ్మా, కోర్టు కాగితం లాంటిది, తప్పితే ఏమవుద్దో" అంటున్నాడు. పిండిమర ఆవిడ భయపడి పోస్టుమాస్టరు గారిని అడిగింది. ఆయనకి కావలసింది అదే కదా. "వాళ్ళక్కే కత్తెరంటుంది, చెల్లెలు నిచ్చెనంటుంది. ఇంట్లోనే జట్టు కలవనివాళ్ళు వీధిని ఏం కలుపుతారు?" అని నవ్వారట. నేను ఏ గుమ్మం ఎక్కినా, "కాదమ్మా, మీ అక్కగారు కత్తెరన్నారుగా" అంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నిజం చెప్పు, తెలియకే చేశావా? ఎడమ చెవి సంగతి మనసులో పెట్టుకుని ఆవిడని ఓడించాలని చేశావా? ఆ మాట టైలరమ్మ అనలేదు. ఆవిడ కాగితం చూసి పడీ పడీ నవ్వింది. "మీ అక్కగారికి నేనంటే ఎంత అభిమానమో, నా కత్తెర కూడా గుర్తుపెట్టుకున్నారు" అంది. నాకే అనుమానం. నిన్ను నాకంటే ఎక్కువ ఎరిగినవాళ్ళు ఎవరు?

ఆ లెక్చరరమ్మతోనే హాయిగా ఆడుకో. ఒక్క దెబ్బకి రెండు కాయలు వేసే మనిషి దొరికాక మా వీధి గొడవ నీకెందుకు? ఇంత మంచి జట్టు ఎప్పుడూ దొరకలేదని రాశావు. ఎప్పుడూ అంటే ఎప్పుడూనా? ఆ ముక్క మా ఆయనకి చదివి వినిపించాను. "ఊరికే అని ఉంటుందిలే" అన్నారు. నాకు మాత్రం డిపోలో రెండు రోజులు లెక్క తప్పింది.

ఆవిడకి కూడా ఎడమ చెవి నేర్పావా?

బొంగరం


ఫిబ్రవరి 16

బొంగరానికి,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. తెలియకే చేశాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

మళ్ళీ కార్బన్లు పెట్టాను. "గతంలో పంపిన ఉత్తరం రద్దు పరచడమైనది, నిచ్చెన గుర్తుకే" అని అందరికీ కొట్టి పంపాను. తాతకి ఈసారి మొదటి కాపీ పంపాను.

నేను ఆవిడ గెలవాలనే కోరుకున్నాను. ఎందుకని మాత్రం అడక్కు.

ఓటు రోజున వస్తాను. ఓటు నాది, వెయ్యకుండా ఎందుకు ఉంటాను? మీ ఇంటికి మాత్రం రాను. వస్తే వరండా దాటాలి. దాటితే ఆ కుర్చీ కనిపిస్తుంది. పొద్దుటి బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. నా కోసం వంట చెయ్యకు.

అక్క


మార్చి 5

అక్కకి,

నమస్కారాలు. నువ్వు అన్నంత పనీ చేశావు. నేను అన్నం తినడానికి ఇంటికి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చి, ఓటు వేసి వెళ్ళిపోయావు. పోస్టుమాస్టరు గారి భార్య క్యూలో నీ వెనకే ఉందట. "మీ అక్క చిక్కిపోయిందమ్మా" అని ఆవిడ చెప్తే తెలిసింది నాకు, నా అక్క చిక్కిపోయిందని. వద్దన్నా నీ కోసం వంట చేశాను. సాయంత్రం దాకా మూత తియ్యలేదు.

అది కాదు నా బాధ. ఓట్లు వేసే బడి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద నువ్వూ టైలరమ్మా పక్కపక్కన కూర్చుని టీ తాగారట! వీధి వీధంతా చూసింది, నేను తప్ప. చాలాసేపు మాట్లాడుకున్నారట. లేచేటప్పుడు ఆవిడ నీ చీర కుచ్చిళ్ళు సర్దిందట. ఏం మాట్లాడుకున్నారని ఆవిడని అడిగితే, "మా ఇద్దరి మధ్య సంగతిలెండి" అని నవ్వింది. మా ఇద్దరి మధ్య! ఆవిడ ముఖం నువ్వు చూడటమే ఆ రోజు మొదటిసారి, నేను నీ తోడబుట్టినదాన్ని. నా గడప తొక్కని దానివి ఆవిడతో టీ తాగుతావా? ఆ రాత్రి నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఆవిడ మీద కోపమో నీ మీద కోపమో నాకే తెలీలేదు.

ఫలితం నీకు తెలిసే ఉంటుంది. నిచ్చెన గెలిచింది. బొటాబొటి ఓట్లతో గట్టెక్కింది. దండలు, ఊరేగింపు అన్నీ అయ్యాయి. కాంట్రాక్టరు కాలువ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నువ్వు చెప్పినట్టే జరిగింది, పొద్దున మీటింగు, మధ్యాహ్నం కుళాయిలు, సాయంత్రం అర్జీలు. ఆవిడ ఇప్పుడు ఆటకి రావడం లేదు. నిన్న బోర్డు పరిచి పౌడరు చల్లి ఎదురు చూశాను. పోస్టుమాస్టరు గారు మెట్ల దగ్గర నిలబడి, "జట్టు లేదా అమ్మా?" అని ఆనందంగా వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. కడుపులో ఉంచుకోలేక నీకు రాస్తున్నాను, చదివి చించెయ్యి.

చెప్పులు అరిగేలా నిచ్చెనకి ఓటెయ్యమని తిరిగిన నేను, లోపలికి వెళ్ళాక ముద్ర కత్తెర మీద గుద్దాను.

ఓడిపోతే మళ్ళీ మధ్యాహ్నం కుర్చీలోకి వస్తుంది కదా అనుకున్నాను. నువ్వా లెక్చరరమ్మ దగ్గరికి వెళ్ళిపోయావు. ఇక నాకు మిగిలింది ఆవిడే. ఆవిడని వీధికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆ మనిషికి చేసిన ద్రోహం తల్చుకుంటే ఆవిడ ఇచ్చిన మిఠాయి పొట్లం విప్పబుద్ధి కావడం లేదు.

నువ్వు ఎవరికి వేశావు?

బొంగరం


మార్చి 11

బొంగరానికి,

నీ ఉత్తరం చించలేదు. బియ్యం డబ్బాలో దాచాను. నాకు బెంగ వేసినప్పుడల్లా చదువుకుంటాను.

నేను నిచ్చెనకే వేశాను. ఆవిడ మీద ప్రేమతో అనుకునేవు, కాదు. గెలిస్తే నా కుర్చీలోంచి లేస్తుందని వేశాను. ఆవిడంటే పడని నేను ఆవిడని గెలిపించడానికి బస్సెక్కి వచ్చాను, ఆవిడ కోసం చెప్పులు అరగదీసిన నువ్వు కత్తెర మీద ముద్ర వేశావు. మనిద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఆ రోజు ఇద్దరం వరండాలో కూర్చుని ఆడుకున్నా ఆవిడ గెలిచేది. వంట కూడా వృథా కాకపోయేది.

ఇక టీ కొట్టు సంగతి. దానికే కదా ఏడ్చావు, చెప్తాను. క్యూలోంచి రాగానే, నన్ను ఎవరు చూపించారో గానీ, ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాలుగు దులిపెయ్యాలనే కూర్చున్నాను. నోరు తెరిచేలోపే ఆవిడ మొదలుపెట్టింది. "అక్కగారూ, మీతో ఒకటి చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నానండీ. మీ చెల్లెలు గారితో ఆడటం నా వల్ల కాదు. కాయ తప్పితే మా అక్కయితే వేసేది అంటారు. కాయ పడితే మా అక్కయితే ఇంకా నెమ్మదిగా కొట్టేది అంటారు. ఎడమ చెవి తడుముకుంటే, అలా కాదు, మా అక్క ఇలా తడుముకుంటుంది అని చూపిస్తారు. కూర్చున్నది నేనే గానీ ఆవిడ ఆడేది మీతోనే. ఒక్కరోజైనా నా ఆట నాదిగా చూస్తారేమోనని చూశాను. నాక్కూడా మనసుంటుంది కదండీ" అంది. అని కళ్ళు తుడుచుకుంది. వీధి చివరికి వినిపించే నవ్వుగల మనిషి కళ్ళు తుడుచుకుంటే దులపాలనుకున్నది మర్చిపోయాను. నా గ్లాసులో టీ కూడా ఆవిడకే పోశాను.

నా మీద అసూయ పడే మనిషి మీద నేను అసూయ పడుతూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ దగ్గరికి ఒకసారి వెళ్ళు. కత్తెర సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం. నా పేరు ఎత్తకుండా మాత్రం ఒక పూట ఆవిడతో మాట్లాడు. ఇది నేను చెప్తున్నానంటే ఆలోచించుకో.

ఇంకొకటి. లెక్చరరమ్మ లేదు. పక్కింట్లో ఉండేది సైకిళ్ళు బాగు చేసే ముసలాయన. ఆయనకి కేరమ్స్ రావు.

కట్టు విప్పిన రోజు నుంచి నేను ఒక్కదాన్నే ఆడుతున్నాను. నా వంతు అయ్యాక లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, నీ కుర్చీలో కూర్చుని నీ వంతు ఆడతాను. నువ్వు ఆడినట్టే తొందరగా, మోచెయ్యి లేపి కొడతాను. మీ బావ ఒకసారి బ్యాంకు నుంచి పెందరాళే వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు. నేను ఇటు కూర్చుని ఎడమ చెవి తడుముకుని, లేచి అటు వెళ్ళి తల ఊపడం కళ్ళారా చూశారు. చెప్పులు విప్పి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

నిన్న నీ వైపు కూర్చుని రెడ్ వేశాను. వెంటనే కవర్ కాయ పడితేగానీ రెడ్ మనది కాదు కదా, ఆ కాయ మూల పాకెట్ అంచునే ఉంది, ఊదితే పడేలా. వెయ్యబోయి ఆగిపోయాను. బోర్డు కదిలించకుండా పాత చీర కప్పి ఉంచాను, మీ బావ కూడా పక్కనుంచి ఒదిగి నడుస్తున్నారు.

రెడ్ నువ్వు వేసినట్టే లెక్క. కవర్ వచ్చి వేసుకో.

అక్క